ఒట్టేసి మానకండి, డాక్టర్‌కు చెప్పి మానండి

ప్రశ్న: నా వయసు 42. మంచి ఉద్యోగం, భార్య, తొమ్మిదేళ్ల పాప. మొదట్లో శని, ఆదివారాలే తాగేవాణ్ని. నాలుగేళ్లుగా రోజూ తాగుతున్నాను. క్వార్టర్‌తో మొదలైంది, ఇప్పుడు హాఫ్ కూడా సరిపోవడం లేదు. ఈమధ్య పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయి. ఒక పెగ్గు పడితే గానీ షేవింగ్ చేసుకోలేను. పాప మీద ఒట్టేసి రెండు మూడుసార్లు మానాను. కిందటి నెల మానినప్పుడు మూడో రోజు రాత్రి ఒళ్లంతా చెమటలు, కంటిమీద కునుకు లేదు, ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టు వినిపించింది. భయమేసి తెల్లవారుజామున కారు డిక్కీలో దాచిన సీసా తీశాను. నా భార్య ఇప్పుడు తిట్టడం కూడా మానేసింది. పాప హోంవర్క్ డౌట్లు పొద్దున్నే అడుగుతుంది, రాత్రి నా దగ్గరికి రాదు. నాకు మనోబలం లేదా? పూర్తిగా మానకుండా రెండు పెగ్గుల దగ్గర ఆపుకునే మార్గం ఉందా? ఫ్రెండ్స్ మధ్య ఎలా తప్పించుకోవాలి?
(పేరు రాయవద్దు)

సమాధానం:

ఇది చదివిన ఊపులో ఈ రాత్రే సీసాలన్నీ సింకులో పారబోయకండి. మానడం గురించి అడిగిన మనిషికి మొదటి మాటగా ఇది చెప్పడం వింతగానే ఉంటుంది. కానీ మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది మూడో రోజు రాత్రి వినిపించిన ఆ పిలుపు దగ్గరే. రోజూ హాఫ్ బాటిల్ తాగే మనిషి డాక్టర్ సాయం లేకుండా ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. సిగరెట్ మానితే చిరాకు, టెన్షన్ వస్తాయి, కొన్నాళ్లకు సర్దుకుంటాయి. మద్యం సంగతి వేరు.

మద్యం మెదడును నెమ్మదింపజేస్తుంది. ఏళ్ల తరబడి రోజూ పడుతుంటే మెదడు ఊరుకోదు. శాంతపరిచే గాబా అనే రసాయనానికి స్పందించడం తగ్గించుకుంటుంది, ఉత్తేజపరిచే గ్లుటమేట్ జోరు పెంచుకుంటుంది. ఆ స్థితిలో మందు ఒక్కసారిగా ఆగిపోతే, భుజం ఆనించి తోస్తున్న తలుపును అవతలివాళ్లు హఠాత్తుగా తీసేసినట్టు ఉంటుంది. తోసేవాడు బోర్లా పడతాడు. చివరి పెగ్గు తర్వాత ఆరేడు గంటలకే వణుకు, చెమట, గుండెదడ మొదలవుతాయి. పొద్దున షేవింగ్ రేజర్ పట్టుకోలేకపోతున్నారంటే రాత్రి తాగింది దిగిపోతోందని, శరీరం మళ్లీ అడుగుతోందని అర్థం. ఫిట్స్ వచ్చేవాళ్లకు సాధారణంగా మొదటి 48 గంటల్లో వస్తాయి. 48 నుంచి 96 గంటల మధ్య కొందరికి డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది. ఎక్కడున్నారో, ఏ రోజో తెలియదు, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి, జ్వరం, బీపీ పెరుగుతాయి. వైద్యం అందకపోతే ఇందులో మనిషి చనిపోవచ్చు. మీరు అక్కడిదాకా వెళ్లారని నేను అనడం లేదు. ఆ దరిదాపుల్లోకి మాత్రం వెళ్లొచ్చారు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇది. ఆ తెల్లవారుజామున మీరు డిక్కీ తెరిచింది మనోబలం లేక కాదు. మీకు అప్పుడు వైద్యం అవసరమైంది. ఆ విషయం మీకు ఎవరూ చెప్పలేదు గనుక, మీకు తెలిసిన ఒకే ఒక్క వైద్యం దగ్గరికి వెళ్లారు. దీనికి ఆస్పత్రిలో మంచి వైద్యం ఉంది.

ఇంకో సంగతి. ఇలా ఉన్నట్టుండి ఆపేసి, భరించలేక మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆపేయడం అనేది పదేపదే జరుగుతుంటే ప్రతిసారీ విత్‌డ్రాయల్, అంటే మందు ఆపాక వచ్చే ఈ వణుకు, చెమట లాంటి బాధలు, ముందుకంటే తీవ్రంగా వచ్చే ప్రమాదం ఉంది. అందుకే ఒట్లు ఇక చాలు. అందులోనూ పాప మీద ఒట్టు అసలే వద్దు. అది తప్పిన మర్నాడు మీకు మిగిలేది సిగ్గు. ఆ సిగ్గుకు మీ దగ్గర ఉన్న విరుగుడు మళ్లీ సీసాయే. పైగా ఏ పాపం తెలియని పిల్ల పేరు మీ ఓటమికి ముడిపడిపోతోంది. ఆ బరువు ఆమెకెందుకు?

ఇప్పుడు చేయాల్సిన పని. ఈ వారంలో సైకియాట్రిస్టుకు గానీ, డీ-అడిక్షన్ విభాగం ఉన్న ఆస్పత్రికి గానీ చూపించుకోండి. అప్పటిదాకా తాగుడు పెంచవద్దు, సొంతంగా ఒక్కసారిగా ఆపనూ వద్దు. డాక్టర్ ముందు కూర్చున్నాక చాలామంది చేసే పని, తాగేదాన్ని సగానికి సగం తగ్గించి చెప్పడం. "ఏదో రెండు మూడు పెగ్గులండీ" అంటారు. పక్కన భార్య తల దించుకుని కూర్చుంటుంది. మీరు చెప్పిన లెక్కను బట్టే డాక్టర్ మాత్రల డోసు నిర్ణయిస్తారు. ఇక్కడ చెప్పే అబద్ధానికి మూడో రోజు ఫిట్స్ రూపంలో సమాధానం రావచ్చు. రోజుకు ఎంత, ఎన్నేళ్లుగా, పొద్దున్నే తాగుతున్నారా, చివరిసారి ఎన్నింటికి తాగారు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, నిద్రమాత్రలు ఏమైనా వాడుతున్నారా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆ పిలుపు సంగతి మర్చిపోకుండా చెప్పండి. అది చెప్పడానికి సిగ్గుపడి దాచేవాళ్లు ఉంటారు. డాక్టర్‌కు అన్నిటికంటే ముఖ్యమైన సమాచారం అదే.

విత్‌డ్రాయల్‌కు సాధారణంగా డయజెపామ్, క్లోర్‌డయజెపాక్సైడ్ లాంటి మాత్రలు ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ వారం, పది రోజుల్లో ఆపేస్తారు. లివర్ బాగా దెబ్బతిని ఉంటే లోరజెపామ్ లాంటిది ఎంచుకుంటారు. ఎవరో చెప్పారని ఈ మాత్రలు మెడికల్ షాపులో కొని వేసుకోకండి. మద్యంతో కలిస్తే శ్వాస ఆగిపోయేంత పని చేస్తాయి, పైగా వాటికీ అలవాటు పడతారు. దీంతోపాటు బీ1 విటమిన్, అంటే థయామిన్, ఎక్కువ మోతాదులో ఇస్తారు, తరచూ ఇంజెక్షన్‌గా. విటమినే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఎక్కువగా తాగేవాళ్లలో ఇది బాగా తగ్గిపోతుంది. ఆ లోటు ముదిరితే చూపు, నడక, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయి, కొందరిలో జ్ఞాపకశక్తి మళ్లీ తిరిగి రాదు. మీ విషయంలో మాత్రం ఇంట్లో కాకుండా ఆస్పత్రిలో చేరి మానడమే మంచిదని నా అభిప్రాయం. తుది నిర్ణయం డాక్టర్‌ది. ఆఫీసులో సెలవు ఎలా అడగాలని తల పట్టుకోకండి. "ఆరోగ్యం బాగాలేదు, ఆస్పత్రిలో చేరుతున్నాను" అనండి. అందులో ఒక్క మాటా అబద్ధం లేదు.

ఇక రెండు పెగ్గుల ప్రశ్న. ఇది అడగని మనిషి ఉండడు. నిజం చెప్పాలంటే, అలవాటు ముదరని దశలో తగ్గించుకుని అక్కడ నిలబడగలిగేవాళ్లు ఉన్నారు. పొద్దున్నే చేతులు వణికే దశకు వచ్చిన మనిషి విషయంలో మాత్రం నేను దాన్ని నమ్మను. మీరే ఆలోచించండి. సున్నా అంటే ఒకేసారి తీసుకునే నిర్ణయం. రెండు అంటే రోజూ సాయంత్రం మీతో మీకు పంచాయితీ. పెగ్గు చిన్నదా పెద్దదా, ఇవాళ ఆఫీసులో అంత గొడవైంది కదా, నిన్న ఒకటే తాగాను కదా దాన్ని ఇవాళ్టికి కలుపుకోవచ్చా... ఈ లెక్కల్లోనే మనిషి అలిసిపోతాడు. అలిసిపోయాక మూడోది పోసుకుంటాడు. రెండు ఆరోగ్యానికి మంచివే అనే మాట ఎవరైనా అంటే, ఏ మోతాదూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలోనే స్పష్టంగా చెప్పింది. మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చి అయితే దశాబ్దాలు దాటింది, 1988లోనే చేర్చారు. మీకు ఆ వాదన అక్కర్లేదు కూడా. మీ సొంత లెక్క చాలు: క్వార్టర్ దగ్గర ఆగాలనే కదా మొదలుపెట్టారు.

విత్‌డ్రాయల్ దాటాక అసలు పని మొదలవుతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆస్పత్రి నుంచి శుభ్రంగా బయటికి వచ్చి, ముఖంలో కళ వచ్చి, "అయిపోయింది" అనుకుని ఫాలో-అప్ మానేస్తారు. ఒళ్లు మందు వదిలింది, మెదడు ఇంకా వదల్లేదు. కోరికను తగ్గించే మాత్రలు ఉన్నాయి, వాటి గురించి అడగండి. నాల్ట్రెక్సోన్ తాగినప్పుడు వచ్చే మజాను తగ్గిస్తుంది. అకాంప్రొసేట్ మానిన తర్వాత వేధించే లోపలి అలజడిని తగ్గిస్తుంది. అమెరికాలో వీటికి 1994లో ఒకదానికి, 2004లో ఇంకోదానికి అనుమతి వచ్చింది. లివర్, కిడ్నీ, మీరు వాడే ఇతర మందులు చూసి ఏది సరిపోతుందో డాక్టర్ చెబుతారు.

మూడోది డైసల్ఫిరామ్. దీని గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని తాగే మనిషికి తెలియకుండా అన్నంలోనో కాఫీలోనో కలిపి పెట్టే ఇళ్లు ఉన్నాయి. ఇది వేసుకున్నాక మద్యం తాగితే శరీరంలో ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుపోతుంది. ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం. గుండె జబ్బు ఉన్నవాడైతే ప్రాణం పోవచ్చు. ఆ భయంతో తాగకుండా ఉండాలన్నదే దాని పద్ధతి. తెలియని మనిషికి భయం ఎక్కడిది? మీ ఇద్దరూ ఒప్పుకుని, డాక్టర్ చెప్పి, మీ చేత్తో మీరు వేసుకుంటే అది పనికొస్తుంది. ఈ మాత్ర ఆపేశాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. ఆల్కహాల్ కలిసిన దగ్గు మందు, మౌత్‌వాష్ కూడా పడవు. మీ భార్యకు ఈ పేరా చదివి వినిపించండి.

మాత్రల సంగతి అంతే. మిగతాదంతా సాయంత్రాల గురించి. మీరు ఏ టైముకు తాగడం మొదలుపెడతారో రాయలేదు గానీ, రోజూ తాగే మనిషికి ఒక టైము ఉంటుంది, ఒక కుర్చీ ఉంటుంది, ఫ్రిజ్ తలుపు తెరిచి ఐస్ ట్రే వంచే చప్పుడు ఉంటుంది. మెదడు మందు కంటే ముందు ఆ చప్పుడుకే సిద్ధమైపోతుంది. అందుకని ఆ గంటన్నరను ఖాళీగా వదలకండి. ఇంటికి వచ్చే దారి మార్చండి. వచ్చీ రాగానే కడుపునిండా తినండి. ఖాళీ కడుపు కోరికను పెంచుతుంది. ఆ కుర్చీని ఆ గదిలోంచి తీసేయండి. ఇది చదివి నవ్వుకుంటారేమో, నవ్వుకోండి, తీసేయడం మాత్రం తీసేయండి. కోరిక ఎంత బలంగా వచ్చినా చాలామందిలో అరగంట లోపే దిగిపోతుంది. ఆ అరగంటను గెలవనక్కర్లేదు, గడిపేస్తే చాలు. స్నానమో, నడకో, ఎవరికైనా ఫోనో.

దాచిన సీసాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. డిక్కీ ఒక్కటే అయి ఉండదని నాకు అనుమానం. ఆస్పత్రిలో చేరేముందు రోజు మీ భార్యను పక్కన పెట్టుకుని ఇంట్లో, కారులో, ఆఫీసు డ్రాయర్‌లో ఎక్కడెక్కడ దాచారో అన్నీ చెప్పేయండి. బీరువాలో ఫైళ్ల వెనకా, మంచం కింద బ్యాగులోనా, ఏదీ మిగల్చకండి. "ఇక తాగను" అన్న మాట ఆమె చాలాసార్లు విన్నది. "ఇదిగో, ఇక్కడ కూడా ఉంది" అన్న మాట బహుశా ఎప్పుడూ వినలేదు.

నిద్ర గురించి ముందే హెచ్చరిస్తాను. మానిన తర్వాత కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు, నిద్ర సరిగా పట్టదు. తాగినట్టు కలలు వస్తాయి, ఉలిక్కిపడి లేచి నిజంగానే తాగానేమో అని నోరు వాసన చూసుకుంటారు. "మందు లేకపోతే నాకు నిద్ర పట్టదు" అని మీకు మీరు చెప్పుకునే రోజు తప్పకుండా వస్తుంది. నిజానికి మందు ఇచ్చేది మత్తు. త్వరగా కన్ను మూతపడేలా చేసి, రాత్రి రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది. దీనికి కొంత ఓపిక, డాక్టర్‌తో ఒక మాట తప్ప వేరే ఉపాయం లేదు. మంచి వార్త కూడా ఉంది. లివర్‌లో కొవ్వు చేరి ఉంటే మానిన కొన్ని వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది. రక్త పరీక్షలో గామా జీటీ అనే అంకె చూస్తూ చూస్తూ దిగుతుంది. మానేరోజు రిపోర్టు, నెల తర్వాతి రిపోర్టు పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఎవరి మెచ్చుకోళ్ల కంటే అది ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

ఫ్రెండ్స్ సంగతికి వస్తే, అబద్ధాలు అల్లకండి. "యాంటీబయాటిక్స్ వాడుతున్నా" అంటే వచ్చే వారం కోర్సు అయిపోయిందా అని అడుగుతారు. "నేను మానేశాను" అనండి, అక్కడితో ఆపండి. ఎందుకు, ఎప్పటినుంచి, ఒక్కటి తాగితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు జవాబు బాకీ లేరు మీరు. వివరణ ఇస్తున్నంత సేపూ వాదన నడుస్తూనే ఉంటుంది. మొదటి మూడు నెలలు మందు ఉండే చోటికి అసలు వెళ్లొద్దు. ఆ తర్వాత తప్పనిసరైతే సొంత బండిలో వెళ్లండి, లేచి రావడానికి ఇంకొకరి మీద ఆధారపడకుండా. ఆ గుంపులో మీకు నిజమైన స్నేహితుడు ఎవరో తెలుసుకోవాలంటే ఒక్కొక్కరికీ పగటిపూట ఫోన్ చేసి పావుగంట మాట్లాడి చూడండి. మాటలు దొరకనివాళ్లతో మీకున్నది తాగుడు పొత్తే. వాళ్లు దూరమైతే నష్టం లేదు.

వాళ్ల స్థానంలో మీ కష్టం తెలిసిన మనుషులు కావాలి. 1935 మే నెలలో అమెరికాలోని ఆక్రాన్ అనే ఊళ్లో బిల్ విల్సన్ అనే వ్యాపారి, పనిమీద వచ్చి పని చెడిపోయి, హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు. మానేసి అప్పటికి కొన్ని నెలలే. ఎదురుగా బార్. అప్పుడు అతను అక్కడున్న ఫోన్ దగ్గరికి వెళ్లి, తనలాగే తాగుడుతో బాధపడే మనిషి ఎవరైనా ఉన్నారా, ఒకసారి మాట్లాడాలి అని తెలియనివాళ్లను అడగడం మొదలుపెట్టాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్. ఆ ఇద్దరితో మొదలైందే ఆల్కహాలిక్స్ అనానిమస్. ఫీజు లేదు, పూర్తి పేరు చెప్పక్కర్లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. అందులో దైవం ప్రస్తావన ఎక్కువని కొందరికి నచ్చదు, అలాంటివాళ్లకు కౌన్సెలింగ్ గ్రూపులు ఉన్నాయి. ఏదైనా సరే, సాయంత్రం ఏడింటికి ఫోన్ చేస్తే "ఆ, నాకూ అలాగే ఉండేది" అనగలిగే మనిషి ఒకరుండాలి. అది మీ భార్య కాలేరు, ఆమె మీద ఆ పని పెట్టకండి.

ఆ డాక్టర్ బాబ్ కథలో ఇంకో ముక్క ఉంది. విల్సన్‌ను కలిసి మానేసిన కొద్ది రోజులకే ఒక వైద్య సదస్సుకు వెళ్లి చిత్తుగా తాగి వచ్చాడు. తిరిగొచ్చాక ఆపరేషన్ చేయాల్సి ఉంది, చేతులు వణుకుతున్నాయి, మీలాగే. వణుకు ఆగడానికి విల్సన్ చేతికిచ్చిన ఒక బీరే ఆయన ఆఖరిది. 1935 జూన్ 10ని, ఆయన తాగుడు మానిన రోజుగా, ఆ సంస్థ ఇప్పటికీ తన పుట్టినరోజుగా చెప్పుకుంటుంది. ఇది చెబుతున్నది మీకు ముందే ఒక సాకు ఇవ్వడానికి కాదు. ఒకవేళ జారితే, "ఎలాగూ చెడింది, ఈ వారం తాగేసి సోమవారం నుంచి చూద్దాం" అన్న ఆలోచనే ఆ ఒక్క పెగ్గుకంటే ఎక్కువ చేటు చేస్తుంది. అదే రోజు డాక్టర్‌కు, మీ మనిషికి ఫోన్ చేయండి. ఏ టైముకు, ఎవరితో, ఎందుకు తాగారో చూసుకుని ఆ ఒక్క కంత పూడ్చండి.

మీ భార్య మౌనం గురించి. తిట్టినన్నాళ్లు ఆశ ఉన్నట్టు. ఇప్పుడు ఆమె అలిసిపోయారు. "నెల రోజులుగా మానాను కదా, ఇంకా అనుమానమేనా" అని ఆమెను నిలదీయకండి. ఆమె మీ మాటను నమ్మడానికి మీరు మానినంత కాలం కంటే ఎక్కువ పట్టినా ఆశ్చర్యం లేదు. కుటుంబ సభ్యుల కోసం అల్-అనాన్ అనే బృందాలు 1951 నుంచీ ఉన్నాయి. వెళ్లమని చెప్పకండి, ఉన్నాయని చెప్పండి. ఇక పాప. మీ మంచి గంటలు ఏవో, కానివి ఏవో తొమ్మిదేళ్లకే లెక్క వేసుకుంది. క్షమించమని ఆ పిల్ల ముందు ఏడవకండి, ఓదార్చే పని పిల్లలది కాదు. "నాన్నకు ఒంట్లో బాగాలేదు, ఆస్పత్రిలో వైద్యం చేయించుకుంటున్నాడు, ఇందులో నీ తప్పేమీ లేదు" అని చెప్పండి. సాయంత్రం అదే టైముకు హాల్లో ఖాళీగా కూర్చోండి, పిలవకండి. రావాలనిపించినప్పుడు తనే వస్తుంది.

చివరగా మీ భార్యగారికి, ఈ ఉత్తరం చదువుతుంటే. ఆయన మానిన మొదటి నాలుగైదు రోజుల్లో ఫిట్స్ వచ్చినా, జ్వరంతో పాటు తడబాటు కనిపించినా, లేని మనుషులతో మాట్లాడినా, మిమ్మల్ని గుర్తుపట్టలేకపోయినా ఒక్క గంట కూడా ఆగకండి. ఫిట్స్ సమయంలో నోట్లో నీళ్లు పోయొద్దు, చెంచా పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవండి. ఎమర్జెన్సీలో మొదట చెప్పాల్సిన మాట: రోజూ ఇంత తాగే మనిషి, ఫలానా రోజు ఫలానా టైముకు ఆపేశాడు. పరువు కోసం ఈ మాట దాచవద్దు. వాళ్లు ఏ ఇంజెక్షన్ ముందు ఇవ్వాలో దాన్నిబట్టే నిర్ణయిస్తారు.